మూడో గేటు గడియారం

ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు జీతాల విభాగంలో ఇద్దరే. మిగతా అందరికీ సెకన్లమ్మ. మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు, తర్వాత మొహం మీదే పిలవడం మొదలుపెట్టారు. ఆమె కోప్పడలేదు. నిమిషాలమ్మ అని ఉంటే కోప్పడేదేమో, ఎందుకంటే ఆమె పని నిమిషాల్లో తేలే రకం కాదు.

కంపెనీది కరెన్సీల వ్యాపారం. ఫోన్లో వాళ్ళ యాప్ వేసుకుంటే కూర్చున్నచోటి నుంచే డాలర్లు అమ్మి యూరోలు కొనవచ్చు, మనసు మారితే అవి అమ్మి యెన్‌లు కొనవచ్చు. మామూలు రోజుల్లో అంతా నున్నగా సాగిపోతుంది. కానీ ఏదో ఒక పెద్ద బ్యాంకు వడ్డీ రేటు ప్రకటించే రోజు ఉంటుంది చూడండి, తమాషా అంతా ఆ రోజే. ప్రకటన వెలువడిన క్షణాన ధర ఎగిరి గంతేస్తుంది. కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య సన్నగా ఉండాల్సిన సందు కాస్తా లారీ పట్టేంత అవుతుంది. వేలమంది ఒక్కసారే తెర మీద వేలు పెడతారు. అంతదాకా గొప్పలు పోయిన యాప్ నోరెళ్ళబెడుతుంది. తెర మధ్యన చిన్న చక్రం తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది. అది ఆగేసరికి డబ్బు సగం కరిగిపోయి ఉంటుంది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి సెకన్లమ్మ కంప్యూటర్ తెరిచేసరికి ఫిర్యాదులు బారులు తీరి ఉంటాయి. ఎంత పొడుగు ఫిర్యాదైనా అందులో ఉండేది ఒకటే మాట. "నేను ముందే నొక్కాను."

ముందే నొక్కారో లేదో తేల్చడం ఆమె ఉద్యోగం.

నియమం చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేదే. కస్టమర్ నొక్కిన ఆర్డరు కంపెనీ మిషన్లలోకి వచ్చిన సమయం రికార్డులో పడుతుంది. అది అమలైన సమయం ఇంకోచోట పడుతుంది. ధర మారకముందే లోపలికి వచ్చిన ఆర్డరు లోపల ఇరుక్కుపోతే తప్పు కంపెనీది, తేడా కట్టిస్తారు. ధర మారాక వస్తే తప్పు ఎవరిదీ కాదు, మార్కెట్‌ది. మార్కెట్ మీద ఫిర్యాదు చేసుకోవడానికి ఇంతవరకూ ఎవరూ ఆఫీసు తెరవలేదు.

ఈ ఉద్యోగానికి ఆమె ఊరికే రాలేదు. అంతకుముందు పదకొండేళ్ళు బస్సు డిపోలో టైమాఫీసులో కూర్చుంది. వచ్చే బస్సు, పోయే బస్సు, ఏది ఎన్ని నిమిషాలు ఆలస్యం అన్నది రాయడం పని. కిటికీ అవతల డ్రైవర్లు గొంతు చించుకునేవాళ్ళు. "నా వాచీలో ఇంకా రెండు నిమిషాలుందమ్మా!" అంటే, "మీ వాచీ మీ ఇంట్లో చూసుకోండి, ఇక్కడ డిపో గడియారమే" అనేది తల ఎత్తకుండా. అందరికంటే ఎక్కువ లేటు మార్కులు పడిన డ్రైవరు చివరికి ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. కక్ష తీర్చుకోవడానికే చేసుకున్నానని ఇప్పటికీ అంటాడు. ఆయన ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతున్నాడు, ఇంటికి మాత్రం ఇప్పటికీ లేటే. డిపోలో మనుషుల బదులు మిషన్లు టైము రాయడం మొదలయ్యాక ఆమె ఆడపడుచు ఈ కంపెనీ కబురు చెప్పింది. ఇంటర్వ్యూలో ఆమెకు కరెన్సీల గురించి ఒక్క ముక్క తెలియదు. "నేను టైము చూసి చెప్పగలను, ఎవరు ఎంత అరిచినా మార్చను" అంది. తీసుకున్నారు.

నిజంగానే మార్చేది కాదు. రికార్డు తెర మీద తెరుచుకుంటే బారెడు అంకెలు. చూపు ఒక వరుస నుంచి ఇంకో వరుసకి జారిపోకుండా తెరకు అడ్డంగా ప్లాస్టిక్ స్కేలు ఆనించి చదివేది. ఏడ్చినవాడినీ తిట్టినవాడినీ ఒకే స్కేలుతో చూసేది. అలా చదివి కంపెనీ చేత డబ్బు కట్టించిన సందర్భాలూ చాలానే ఉన్నాయి. అప్పుడు మేనేజరు మొహం ముడుచుకునేవాడు గానీ ఆమె మాట కాదనేవాడు కాదు. అందుకే ఆమెకు తన పని మీద అంత ధీమా. ఆ ధీమా గురించే ఈ కథ.

జిరాక్సు షాపాయన ఫిర్యాదు మిగతావాటి లాంటిదే. ఆయనా భార్యా కలిసి చిన్న షాపు నడుపుకుంటారు. రంగుల కాపీలు తీసే మిషన్ కొనడానికి దాచిన డబ్బులో కొంత యాప్‌లో పెట్టాడు. భార్య ఒప్పుకోవడానికి ఒక షరతు పెట్టింది. ప్రకటన వచ్చే సమయానికి డబ్బు అందులో ఉండకూడదు, ముందే అమ్మేసి బయటికి వచ్చేయాలి. అంతకుముందోసారి ఇంకాస్త పెరుగుతుందని కూర్చుని చేతులు కాల్చుకున్నాడు లెండి. ఈసారి ఒట్టు పెట్టుకున్నాడు. ప్రకటన మూడున్నరకి. దానికి కాస్త ముందే నొక్కానని ఆయన రాశాడు. చక్రం తిరుగుతుండగా ఫోన్ తెరను ఫోటో తీసి పంపాడు కూడా, పైన మూలన 3:29 అని కనబడుతూ.

సెకన్లమ్మ స్కేలు ఆనించి చదివింది. ఆర్డరు లోపలికి వచ్చింది 3:30:02. అమలైంది 3:30:09. వచ్చిందే ప్రకటన తర్వాత. ఫోన్ల గడియారాలు ఎవరి చేతిలో ఎలా తిరుగుతాయో ఎవరికి తెలుసు? "ఫోన్ తెర మీది సమయం సాక్ష్యంగా చెల్లదు" అనే వాక్యం నియమావళిలో ఆమె రాసి చేర్చినదే. అదే వాక్యం వేసి ఉత్తరం పంపింది.

ఆయన వదల్లేదు. రెండోసారి రాశాడు, మూడోసారి రాశాడు. నాలుగోసారి ఉత్తరం చిన్నది. "మేడమ్, డబ్బు వద్దు. నేను ప్రకటనకి ముందే నొక్కానని ఒక్క ముక్క రాసివ్వండి. ఇంట్లో చూపించుకోవాలి. మా ఆవిడ మీ ఉత్తరం చదివి నేను మాట తప్పానంటోంది."

ఆమెకు ఆ ఉత్తరం కాస్త గుచ్చుకుంది. అబద్ధం చెప్పను. గుచ్చుకున్నా ఇంకోసారి స్కేలు పెట్టి చూసింది, అంకెలు మారలేదు. "మా రికార్డు ప్రకారం మీరు ప్రకటన వెలువడిన తర్వాతనే నొక్కారు. ఇందులో సందేహానికి తావు లేదు. ఈ విషయమై ఇక ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండవు" అని రాసింది. సందేహానికి తావు లేదు అన్న మాట ఆమెకు ఇష్టం. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఏమీ రాలేదు.

ఏడు నెలలు గడిచాయి. కస్టమర్ల గోల పడలేక కంపెనీ పెద్ద పెద్ద మిషన్లు కొనింది. ఆర్డర్లు లోపల ఇరుక్కుపోవడం తగ్గింది. ఎంత గందరగోళం రోజైనా ఒక సెకనులో పని అయిపోతోందని గోడలకు పోస్టర్లు అంటించుకున్నారు. ఇంకేం, ఫిర్యాదులు తగ్గాయి, సెకన్లమ్మకు టీ తాగే తీరిక దొరికింది.

అలాంటి రోజుల్లోనే మళ్ళీ ఒక ప్రకటన, మళ్ళీ ఒక ఫిర్యాదు. స్కేలు ఆనించింది. ఆర్డరు లోపలికి వచ్చింది 11:15:07. అమలైంది 11:15:02.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. డిపోకి రాని బస్సు డిపో నుంచి బయల్దేరినట్టుంది. పదకొండేళ్ళలో అలాంటి బస్సును ఆమె చూడలేదు.

సర్వరు రూములో ఎప్పుడూ చలే. అక్కడి ఇంజనీరు ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని కూర్చుంటాడు. ఆమె కాగితం చూపించింది. ఆయన చూసి తేలిగ్గా నవ్వాడు.

"ఇది మూడో గేటులోంచి వచ్చిన ఆర్డరు మేడమ్. మామూలుగా ఆర్డర్లు ఒకటో గేటు, రెండో గేటులోంచే వస్తాయి. రద్దీ మరీ ఎక్కువైనప్పుడే మూడోది తెరుస్తాం. పాత మిషన్, తక్కిన రోజుల్లో పక్కన పడి ఉంటుంది."

"దాని గడియారం ఎవరు చూస్తారు?"

"మిగతావన్నీ వాటంతటవే సరిచేసుకుంటాయి మేడమ్."

"నేను మిగతావి అడగలేదు. దీని గడియారం?"

ఆయన తెర మీద వెతికి చూశాడు. ఆ మిషన్ బిగించిన రోజున ఎవరో చేత్తో టైము పెట్టారట. ఆ తర్వాత దాన్ని కంపెనీ గడియారంతో కలపడం మర్చిపోయారట. ఇవాళ్టికి ఆరు సెకన్లు ముందుకు పోయింది. గేట్లు తెరిచి ఉన్నప్పుడు నిమిషానికోసారి టైము చెప్పుకుంటూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి, ఆ పలకరింపులు దాచి ఉంటాయి గనక ఏ రోజుకి ఎంత ముందుందో లెక్క కట్టవచ్చు. ఏడు నెలల కింద జిరాక్సు షాపాయన నొక్కిన రోజున ఎంతో చూడమంది. ఇంజనీరు చూశాడు. నాలుగు సెకన్లు.

3:30:02 లోంచి నాలుగు తీసేయడానికి కాగితం అక్కర్లేదు. ఆయన ముందే నొక్కాడు. రెండు సెకన్ల ముందు.

ఇన్నాళ్ళూ ఆర్డర్లు లోపల పది పదకొండు సెకన్లు నిలబడిపోయేవి గనక ఆ నాలుగు సెకన్లు వాటి చాటున దాక్కున్నాయి. యాప్ పరుగు అందుకున్నాకే దొంగ బయటపడ్డాడు. మనుషులు మూడో గేటులోంచి వచ్చేది గందరగోళం రోజునే. ఒక్కొక్క సెకనుకీ విలువ ఉండేది కూడా ఆ రోజునే. సరిగ్గా ఆ రోజుకే తప్పుడు గడియారాన్ని దాచిపెట్టి ఉంచింది కంపెనీ.

ఆ రోజంతా పాత ఫైళ్ళు తిరగేసింది. మూడో గేటు సమయం నమ్మి ఆమె కాదన్న ఫిర్యాదులు పందొమ్మిది. అదనపు సెకన్లు తీసేసి చూస్తే పదమూడు మంది నిజంగానే ఆలస్యంగా నొక్కారు. ఆరుగురు ముందే నొక్కారు.

సాయంత్రం ఇంట్లో భర్త ఆరిన బట్టలు మడతపెడుతుంటే జరిగింది చెప్పింది. ఆయనకు హుషారొచ్చింది.

"చూశావా! నన్ను కూడా అలాగే ఎన్నిసార్లు లేటు రాశావో."

"ఊరుకోండి. అప్పుడు రోజూ పొద్దున్నే రేడియో పెట్టి, ఎనిమిది కొట్టగానే నా చేత్తో గడియారం సరిచేసేదాన్ని. ఒక్కరోజు కూడా మానలేదు. ఇక్కడ నా చేతికి గడియారం ఇవ్వలేదు, అంకెలే ఇచ్చారు. సరిగ్గా ఉందా అని ఒక్కసారైనా అడగలేదు నేను. మొదటిరోజు అడగాల్సిన మాట!"

ఆయన వేళాకోళం మానేసి చొక్కా మడత పక్కన పెట్టాడు. "అయితే ఇప్పుడు ఉత్తరం రాసెయ్. తప్పు మాదే అని."

"రాయనివ్వాలిగా."

రాయనివ్వలేదు. మర్నాడు మేనేజరు అంతా విన్నాడు, రెండుసార్లు తల పట్టుకున్నాడు, లాయరుతో ఫోన్లో మాట్లాడాడు. మనిషి చెడ్డవాడు కాదు. డబ్బు ఎగ్గొడదామని ఒక్కసారి కూడా అనలేదు.

"ఆరుగురికీ తేడా కట్టేద్దాం. 'కస్టమర్ల పట్ల సద్భావంతో ఇస్తున్నాం' అని రాసి పంపుదాం."

"సద్భావం దేనికండీ? తప్పు మనదైతే?"

"తప్పు అని కాగితం మీద పెడితే రేపు గేటు ముందు ఆరుగురు కాదు, ఆరు వేలమంది నిలబడతారు. లాయరుగారు ఒప్పుకోరు."

"ఐదుగురికి డబ్బు చాలేమో సార్. ఈ జిరాక్సాయన డబ్బు అడగలేదు, ఒక్క ముక్క అడిగాడు. సద్భావంతో అని రాసి పంపితే ఆయన భార్య ఏమనుకుంటుంది? అబద్ధం ఆడినవాడికి జాలిపడి ఇచ్చారనుకోదూ?"

"డబ్బే ఇస్తుంటే ముక్కెందుకమ్మా?" అన్నాడు మేనేజరు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మళ్ళీ అదే మాట వచ్చింది. "ఉత్తరం రోడ్డు మూసేశారు. ఇంకో రోడ్డు లేదా?" అన్నాడు భర్త. డ్రైవర్ని అడిగితే అలాంటి జవాబే వస్తుంది. ఆమె మర్నాడు పదకొండింటికి సొంత సెల్ బ్యాగులో పెట్టేసి బల్ల మీది ఆఫీసు ఫోన్ తీసింది. కావాలనే తీసింది. ఆ లైనులో మాట్లాడిన ప్రతి మాటా రికార్డవుతుంది, ఐదేళ్ళు దాచిపెడతారు. కాగితం మీద పెట్టనివ్వని మాట అక్కడ ఉంటుంది. అది విన్నాక మేనేజరు ఏం చేస్తాడన్నది తర్వాత చూసుకోవచ్చు. జిరాక్సాయన ఇంట్లో ఆయన మాట నిలబడాలి, ఆమెకు కావలసింది అదొక్కటే.

అవతల ఆడగొంతు పలికింది. వెనకాల మిషన్ కాగితాలు కక్కుతున్న చప్పుడు.

"జిరాక్సు షాపండీ."

సెకన్లమ్మ ఏ కంపెనీ నుంచో చెప్పింది.

"ఆ యాప్ ఎప్పుడో తీసేశాం. మళ్ళీ వెయ్యం" అంది ఆవిడ, పెట్టేయబోతూ.

"వెయ్యమని కాదండీ. మీవారి ఫిర్యాదు గురించి. ఆయన ప్రకటనకి ముందే నొక్కారు. రెండు సెకన్ల ముందు. మా మిషన్ గడియారం తప్పు నడిచింది. ఆలస్యంగా నొక్కారని ఉత్తరాలు రాసింది నేనే. తప్పు నాదండీ."



"మీరేదో పొరబడినట్టున్నారమ్మా" అంది ఆవిడ. "ఆలస్యంగా నొక్కానని ఆయనే ఒప్పుకున్నాడు."

"ఎప్పుడండీ?"

"మీ ఆఖరి ఉత్తరం వచ్చాక. అంతకుముందంతా ఒకటే వాదన, ముందే నొక్కాను, ముందే నొక్కానని. నేను మాట్లాడటం మానేశాను. ఇంక ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, 'నీ మాటే నిజం, ఇంకొంచెం పెరుగుతుందని ఆశపడి చూశాను, అందుకే లేటయింది' అన్నాడు. ఏడ్చాడు కూడా. ఆ రోజే గల్లా తాళం నా చేతికి ఇచ్చేశాడు, బ్యాంకు కార్డు ఇచ్చేశాడు. ఇప్పుడు కాగితాలు కొనాలన్నా నన్నడిగి పట్టుకెళ్తాడు."

"ఒకసారి ఆయన్ని పిలుస్తారా అండీ?"

పిలుపు, చెప్పుల చప్పుడు. మిషన్ ఆగింది. మెత్తటి గొంతు వచ్చింది. సెకన్లమ్మ మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నాడు.

"మీరు మంచి మనసుతో చెప్తున్నారు మేడమ్. కానీ నేను ఆలస్యంగానే నొక్కాను. నాకు బాగా గుర్తుంది."

"కాదండీ. చక్రం మూడున్నరకి ముందే తిరుగుతోంది. ఫోటో మీరే పంపారు. అందులో మూడూ ఇరవై తొమ్మిది అని ఉంది."

"ఫోన్ టైము సాక్ష్యంగా చెల్లదు కదండీ. మీరే రాశారు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఎంతమంది అరిచినా ఏనాడూ కదలని మనిషి. ఇవాళ అవతలివాడు గొంతు పెంచకుండా ఆమె మాటే ఆమెకు వినిపిస్తుంటే సిగ్గుతో కుంచించుకుపోయింది. ఆయన ఏడు నెలల కింద చూసింది ఆయనకు ఇప్పుడు గుర్తు లేదు. ఆమె రాసిందే గుర్తుంది. సందేహానికి తావు లేదని రాసింది, ఆయన తావు లేకుండా చేసుకున్నాడు.

"నేను తప్పు రాశానండీ" అంది. "మీరు నా మాట నమ్మారు. ఆ మాట తప్పు. ఒక్క రెండు నిమిషాలు కూర్చోండి, రికార్డు చదువుతాను. మీ ఆవిడని కూడా వినమనండి."

ఫోన్ స్పీకర్‌లో పెట్టిన చప్పుడైంది. ఆమె స్కేలు తెరకు ఆనించి ఒక్కొక్క వరుసే చదివింది. మీరు యాప్ తెరిచింది ఇన్ని గంటలకి. అమ్మే బటన్ నొక్కింది మూడూ ఇరవై తొమ్మిది నిమిషాల యాభై ఎనిమిది సెకన్లకి. ప్రకటన మూడున్నరకి. మీరు నొక్కాక పదకొండు సెకన్లు మీ ఆర్డరు మా దగ్గర పడి ఉంది. ఆ పదకొండు సెకన్లూ మావి, మీవి కావు. చదవడం అయ్యాక మళ్ళీ ఒకసారి చదివింది.

తర్వాత ఆయన గొంతు వినిపించింది, ఫోన్‌కి కాస్త దూరంగా. సెకన్లమ్మను కాదు, పక్కనున్న భార్యను అడుగుతున్నాడు.

"అయితే... నేను ఆశపడలేదా?"

భార్య ఏమందో వినపడలేదు. ఫోన్ బల్ల మీద పెట్టేశారు, కానీ లైను కట్ చెయ్యలేదు. సెకన్లమ్మ కూడా చెయ్యలేదు. షాపులోకి ఎవరో వచ్చి, రెండువైపులా రెండేసి కాపీలు కావాలని అడిగారు. కాసేపాగి ఇంకోసారి అడిగారు. లోపల ఎవరూ పలకలేదు.